ఆరు పశువులకు పాతపద్ధతి కొయ్యచట్టపు కొట్టం: ప్లాన్‌లో తప్పులు చెప్పండి

కొట్టంపని

ఇంటి వెనక ఆరు పశువులకు పెంకుల కొట్టం వేయాలి. చట్టం మొత్తం కొయ్యతోనే, పాత కొట్టాల తరహాలో ఉండాలి. ఇప్పటికి కాగితం మీద ఉన్నది ఇదీ:

వెడల్పు 18 అడుగులు, పొడవు 30. పదేసి అడుగుల అంకణాలు (పొడవునా గుంజకూ గుంజకూ మధ్య జాగాలు) మూడు. గుంజలు మూడు వరుసలు, నడిమి వరుసలో నిట్రాళ్లు నేల నుంచి నడికొప్పు (రెండు వాలులూ కలిసే శిఖరం) దాకా ఒకే కర్ర. వాలు 9 అడుగులకు 6 అడుగుల ఎత్తు. చూరు బయటికి రెండున్నర అడుగులు. చూరు పట్టె (చూరు వైపు వాసాలను మోసే పొడుగు కర్ర) నేల నుంచి 7 అడుగుల ఎత్తులో. వాసాలు రెండున్నర బై నాలుగు అంగుళాలవి, అడుగున్నరకొకటి. వెన్నుపట్టె (నడికొప్పు కింది పొడుగు కర్ర) నుంచి చూరు పట్టె దాకా మధ్యలో ఆసరా లేదు.

గుంజలను మూడడుగుల గోతుల్లో నిలబెట్టి కాంక్రీటు పోద్దామని ఉంది. దూలాల మీద అటక వేసి ఆరడుగుల ఎత్తున గడ్డి మోపులు పేర్చాలి. అతుకులకు బోల్టులు మేలా, కర్ర సీలలు మేలా? కలప ఇంకా కొనలేదు, కాబట్టి ఏ మార్పు చెప్పినా ఫరవాలేదు.

రసమట్టం

కలప కొనక ముందే అడిగారు, మంచిదైంది. ముందు చూరు సంగతి చూడండి. 9కి 6 వాలులో చూరు రెండున్నర అడుగులు బయటికి వస్తే 1 అడుగు 8 అంగుళాలు కిందికి దిగుతుంది. పట్టె 7 అడుగుల దగ్గరుంటే చూరు కొన 5 అడుగుల 4 అంగుళాలకు వస్తుంది. గడ్డిమోపు ఎత్తుకున్నవాడి సంగతి సరే, ఖాళీ చేతులతో వచ్చేవాడి నుదురు కూడా తగులుతుంది. పట్టె పైఅంచు 8 అడుగులకు పెంచండి, చూరు 6 అడుగుల 4 అంగుళాల దగ్గర ఆగుతుంది. చూరు తగ్గించి ఎత్తు సంపాదించాలని మాత్రం చూడకండి. గుంజల మొదళ్లు తడవకుండా కాపాడేది ఆ రెండున్నర అడుగులే.

వాసాలు: వెన్నుపట్టె నుంచి చూరు పట్టె దాకా వాలు పొడవు 10 అడుగుల 10 అంగుళాలు. పెంకుల బరువు చదరపు మీటరుకు 45 కిలోల లెక్కన, గట్టి కలపైతే మీ వాసం విరగదు, కానీ కుంగుతుంది. బరువు రోజూ మీదే ఉంటుంది కనుక కుంగుడు ఏటికేడు పెరుగుతుంది. కప్పు నడుమ గిన్నెలా వంగితే పెంకుల జోడింపు విడిపోయి, గాలివానకు నీళ్లు ఆ సందుల్లోంచే దిగుతాయి. వాసం లావు చేస్తే ఖర్చూ బరువూ రెండూ పెరుగుతాయి. దానికన్నా రెండు వాలుల్లోనూ సగం దూరంలో ఒక్కో నడిమి పట్టె వేసి, దూలం మీద నిలిపిన పొట్టి గుంజల మీద కూర్చోబెట్టండి. అప్పుడు అదే వాసం ఐదున్నర అడుగులు మాత్రమే దాటుతుంది. వాసం 13 అడుగుల 10 అంగుళాలు ఒకే ముక్క దొరక్కపోతే నడిమి పట్టె మీద అతకవచ్చు. మరెక్కడా అతకవద్దు.

నిట్రాడు ఒకే కర్ర అన్నారు. పద్నాలుగడుగులు దాటిన ఆరంగుళాల చదరపు కర్ర, వంకర లేకుండా, చేవ (లోపలి గట్టి కలప) నిండా ఉన్నది దొరకడం కష్టం. పైగా దాని కోసం దూలాన్ని రెండు ముక్కలు చేయాలి. అప్పుడు రెండు వైపుల గుంజలను లాగి పట్టుకునే పని ఆ మధ్య అతుకు మీద పడుతుంది. దూలాన్ని 18 అడుగులూ ఒకే కర్రగా ఉంచండి. దాని కింద ఒక గుంజ, పైన వెన్నుపట్టెను మోసే పొట్టి నిట్రాడు. రెండూ ఒకే నిలువు గీతలో ఉంటే బరువు నేరుగా నేలకు దిగుతుంది.

వెన్నుపట్టె నిట్రాళ్ల మీద కూర్చుంటేనే వాసాలు గోడలను బయటికి తన్నవు. నిట్రాడు తీసేసి వాసాలను తలలు కలిపి నిలబెడితే వాటి తోపు అంతా దూలం అతుకుల మీదికి వస్తుంది. ఎవరైనా "మధ్య గుంజలు అడ్డం, తీసేయండి" అని సలహా ఇస్తే, అది వేరే లెక్క, వేరే చట్టం అని గుర్తుంచుకోండి.

గాటికంబం

చట్టం కన్నా ముందు పశువును నిలబెట్టి చూడాలి కదా. పాడి పశువుకు వెడల్పు 4 అడుగులు, నిలబడే పొడవు ఐదున్నర అడుగులు లెక్క వేయండి. పదడుగుల అంకణంలో నాలుగేసి అడుగుల చొప్పున రెండు పశువులు పోగా 2 అడుగులు మిగిలిపోతుంది, మూడోదానికి చాలదు. అంకణం 8 అడుగులు చేసి నాలుగు అంకణాలు వేయండి. పొడవు 32 అవుతుంది. మూడింట్లో ఆరు పశువులు, నాలుగోది మేతకు, పనిముట్లకు. అంకణం కురచైతే పట్టెల మీద భారం కూడా తగ్గుతుంది.

అడ్డంగా 18 అడుగులు ఇలా పంచండి: గోడ పక్కన మేత దారి 3, గాడి (మేత తొట్టి) 2, నిలబడే చోటు ఐదున్నర, మూత్రం కాలువ 1, వెనక నడవ ఆరున్నర. మీ నడిమి గుంజల వరుస 9 అడుగుల దగ్గర వస్తుంది. అంటే నిలబడే చోటులో, గాడి నుంచి 4 అడుగుల వెనక్కి. అంకణం 8 అయినందువల్ల ఆ గుంజ రెండు పశువుల మధ్య హద్దు మీదే పడుతుంది, ఎవరికీ అడ్డం కాదు. పదడుగుల అంకణంతో ఇదే పంపకం చేసి ఉంటే రెండో వరుస గుంజ ఒక పశువు నడుముకు ఎదురుగా వచ్చేది.

మేత దారి లేకుండా గాడిని గోడకు ఆనించి స్థలం కలిసొచ్చేలా చేస్తుంటారు. అప్పుడు గాడి రెండున్నర, నిలబడే చోటు ఐదున్నర, కాలువ 1, మొత్తం తొమ్మిది. నడిమి గుంజల వరుస సరిగ్గా కాలువ అంచున పడుతుంది. ఎంత మంచి కలపైనా రోజూ మూత్రంలో నానితే నిలవదు. ఆ పంపకం వద్దు.

నేల వాలు గాడి నుంచి కాలువకు 40 పాళ్లకు 1, అంటే ఐదున్నర అడుగులకు అంగుళంన్నర కాస్త పైన. ఇంకా పెంచితే పశువు బరువు వెనక కాళ్ల మీద పడుతుంది, తగ్గిస్తే తడి నిలుస్తుంది. కాలువ వెడల్పు అడుగు, లోతు మూడు నాలుగు అంగుళాలు చాలు. లోతైన ఇరుకు కాలువలో గిట్ట ఇరుక్కుంటుంది. 32 అడుగుల పొడవునా కాలువకు ఒక చివరికి 4 అంగుళాల వాలు ఇవ్వండి. కింద ఆరంగుళాల రాళ్ల పరుపు, పైన నాలుగంగుళాల కాంక్రీటు, ఆరక ముందే చీపురుతో గరుకు చేయాలి. నున్నటి చప్టా మీద జారి తుంటి విరిగిన పశువు మళ్లీ లేవదు.

గాడి అడుగు పశువు నిలబడే నేల కన్నా నాలుగైదు అంగుళాలు ఎత్తులో, మూలలు గుండ్రంగా ఉండాలి. చదరపు మూలల్లో మిగిలిన దాణా పులిసి వాసన పట్టి, మర్నాడు వేసిన మేతను కూడా ముట్టనివ్వదు.

ఎండ దంచే చోటైతే పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి, మిట్టమధ్యాహ్నం నీడ కొట్టంలోనే ఉంటుంది. తేమ ఎక్కువున్న చోటైతే ఉత్తర దక్షిణాలుగా పెడితే రెండు వైపుల నుంచీ ఎండ లోపలికొచ్చి నేల ఆరుతుంది.

కొట్టంపని

అంకణం 8 చేశాను. అటక మాట ఎవరూ ఎత్తలేదు. దూలాలు ఆరు బై ఎనిమిది వేస్తే చాలదా?

రసమట్టం

కప్పు వరకు చాలుతుంది. అటకతో కలిపితే నమ్మను. 8 బై 9 అడుగుల జాగా 72 చదరపు అడుగులు, కప్పు వాలు వల్ల ఆరడుగుల ఎత్తు నడికొప్పు కిందే దొరుకుతుంది, సగటున మూడడుగులు వేసుకున్నా 216 ఘనపుటడుగులు. యంత్రంతో బిగించిన మోపులు ఘనపుటడుగుకు సుమారు మూడున్నర కిలోలు తూగుతాయి. అంటే అంత జాగాలోనే దాదాపు ముప్పావు టన్ను. దూలానికి రెండు పక్కలా అంకణాలు నింపితే ఒక్కో దూలం సగం మీద పడేది అంతే, నడిమి పట్టె గుంజ తెచ్చే భారం దానికి అదనం. వదులు గడ్డి ఇందులో సగం కూడా తూగదు, కానీ ఒకసారి అటకంటూ కట్టాక దాని మీద ఎవరేం ఎక్కిస్తారో మీ చేతిలో ఉండదు.

అటక కావాలంటే నాలుగో అంకణంలో మాత్రమే వేయండి. దూలాలను నమ్ముకోకుండా దానికి వేరే గుంజలు, అడుగున్నరకొక అడ్డకర్ర పెట్టండి. పశువుల మీద మాత్రం వద్దు. కింద నుంచి లేచే ఆవిరి, ఘాటు గాలి గడ్డికి పట్టి బూజు వస్తుంది. ఇంకో పెద్ద భయం, సరిగా ఆరని గడ్డి. తేమ 20 శాతం దాటిన గడ్డిని బిగించి పేరిస్తే లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు. కింద పలుపులతో కట్టేసిన ఆరు పశువులుంటాయి.

ఉలిదెబ్బ

గుంజలను గోతిలో పెట్టి కాంక్రీటు పోయవద్దు. కాంక్రీటు కర్రను పట్టుకుని ఉండదు, కర్ర ఎండి కుంచించుకోగానే చుట్టూ సన్న సందు వస్తుంది. ఆ సందు నీళ్లు తాగే గిన్నె. కర్ర కుళ్లేది నేలమట్టం దగ్గర, తడీ గాలీ కలిసే చోట. పైకి చూస్తే బాగానే ఉంటుంది, ఉలితో పొడిస్తే పిండిలా రాలుతుంది. చెదలకు అదే దారి.

గోతిలో రెండడుగుల చదరపు దిమ్మె మూడడుగుల లోతు నుంచి లేపి, నేల మీద 18 అంగుళాల ఎత్తు దాకా తెండి. నల్లరేగడి నేలైతే ఇంకా లోతుకు, గట్టి పొర తగిలేదాకా పోవాలి. ఆ మన్ను వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుని దిమ్మెను ఎత్తి దించుతుంటుంది. పదిహేను దిమ్మెల తలలూ నీళ్ల గొట్టంతో ఒకే మట్టానికి తేవాలి. మూలలకు 6-8-10 అడుగుల కొలత (ఒక వైపు 6, ఇంకో వైపు 8 కొలిస్తే ఏటవాలుగా 10 రావాలి), తర్వాత రెండు కర్ణాలూ సమానమో కాదో చూడడం. ఇక్కడ అర అంగుళం వదిలేస్తే కప్పు దగ్గరికి వెళ్లేసరికి పెంకుల వరుస వంకర పోతుంది.

దిమ్మె తలలో పావు అంగుళం మందం ఇనుప పట్టీలు రెండు, గుంజకు రెండు వైపులా వచ్చేలా కాంక్రీటులోనే పాతండి. గుంజను వాటి మధ్య నిలిపి అర అంగుళం బోల్టులు రెండు వేయాలి. ఇది బరువు మోయడానికి కాదు, గాలి కింద నుంచి కప్పును ఎత్తినప్పుడు చట్టం లేచిపోకుండా. కర్రకూ కాంక్రీటుకూ మధ్య తారు షీటు ముక్క. పట్టీలకు జింకు పూత ఉండాలి. పశువుల కొట్టంలో ఉత్త ఇనుము ఎక్కువ కాలం ఆగదు.

గుంజ పొడవు లెక్క: పట్టె పైఅంచు 96 అంగుళాలు. దూలం 8 అంగుళాలు, పట్టె 6 అంగుళాలదే అయినా దూలం మీద ఒక అంగుళం గాటులో కూర్చుంటుంది కనుక 5, దిమ్మె 18. మొత్తం 31 తీసేస్తే 65 అంగుళాలు. ఇది దిమ్మె నుంచి దూలం అడుగు దాకా. కూసానికి (దూలంలో దూరేలా గుంజ కొనను సన్నగా చెక్కిన నాలుకకు) ఇంకో 4 అంగుళాలు కలిపి 69 దగ్గర కోయించండి. దూలం కింద తల ఎత్తు 6 అడుగుల 11 అంగుళాలు వస్తుంది.

ఇక బోల్టులా, సీలలా. గుంజ దూలానికి, ఏటవాలు ఊతం గుంజకు కలిసే చోట కూసమూ, అది దూరే బెజ్జమూ చేసి కర్ర సీల కొట్టడమే మేలు. కారణం పాత మోజు కాదు. చట్టానికి వాడేది ఎంతో కొంత పచ్చి కలపే. ఆరంగుళాల గుంజ లోపలిదాకా ఆరాలంటే ఏళ్లు పడుతుంది. ఆరేకొద్దీ అది అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవున దాదాపు మారదు. బోల్టు వేసిన అతుకు వదులై నట్టు బిగించేవాడి కోసం చూస్తుంది. సీల కొట్టిన అతుకు తనను తాను లాగిపట్టుకుంటుంది.

అది ఎలా అంటే: ఆరంగుళాల గుంజకు కూసం మందం మూడో వంతు, 2 అంగుళాలు. పొడవు 4 అంగుళాలు, బెజ్జం మాత్రం పావు అంగుళం ఎక్కువ లోతు. లేకపోతే కూసం కొన ముందు తగిలి, బరువు మోయాల్సిన భుజాలు (కూసం పక్కన మిగిలిన గుంజ అంచులు) గాల్లో ఉంటాయి. ముందు దూలంలో సీల కోసం ముప్పావు అంగుళం బరమా వేయండి, భుజం ఆనే అంచు నుంచి అంగుళంన్నర దూరంలో. తర్వాత కూసాన్ని దూర్చి, ఆ కన్నంలోంచి బరమా కొనతో గుర్తు పెట్టి, బయటికి తీయండి. కూసానికి కన్నం ఆ గుర్తు మీద కాకుండా, భుజం వైపు సన్నగా జరిపి వేయాలి. గట్టి కలపకు పదహారో వంతు అంగుళం, మెత్తని కలపకు ఎనిమిదో వంతు. సీల కొడుతుంటే అది వంకరగా దూరుతూ భుజాన్ని దూలానికి బిగదీస్తుంది. ఎక్కువ జరిపితే సీల విరుగుతుంది, లేదా కూసం కొన చీలిపోతుంది. ఎటు జరపాలో మరిచిపోయి భుజానికి దూరంగా జరిపితే కొట్టినకొద్దీ అతుకు ఊడుతుంది. ఇది అందరూ ఒకసారైనా చేసే తప్పు, అందుకే గుర్తు పక్కన బాణం గీసుకోండి.

సీలలు రంపంతో కోసినవి పనికిరావు. నార వెంట చీల్చి చెక్కాలి, కొన సన్నగా ఉండాలి, బాగా ఎండి ఉండాలి. ఎండిన సీల పచ్చి కర్రలో తేమ పీల్చుకుని బిగుస్తుంది. పచ్చి సీల అయితే కొన్నాళ్లకు దానంతట అదే జారిపోతుంది.

ఏటవాలు ఊతాలు మరిచిపోకండి. మీ ప్లాన్‌లో అసలు లేవు. అవి లేకపోతే చట్టం అగ్గిపెట్టె డొక్కులా పక్కకు ఒరుగుతుంది. 45 డిగ్రీల్లో, రెండు వైపులా మూడేసి అడుగులు వచ్చేలా పెడితే భుజం నుంచి భుజానికి పొడవు 4 అడుగుల 3 అంగుళాలు. మేత దారి వైపు మాత్రం రెండేసి అడుగులు చాలు (2 అడుగుల 10 అంగుళాలు), పెద్దది పెడితే మనిషి తిరగలేడు. ఊతం నొక్కినప్పుడు పనిచేసినంతగా లాగినప్పుడు పనిచేయదు. కాబట్టి ఎటు ఉంటే దానికి ఎదురుగా ఇంకొకటి జతగా ఉండాలి, గాలి రెండు వైపుల నుంచీ వస్తుంది.

పెంకుటిల్లు

కప్పు లెక్కలు నేను కడతాను. రెండు చివరలా అడుగున్నర చొప్పున బయటికి వస్తే పొడవు 35. ఒక్కో వాలు 35 ఇంటూ 13 అడుగుల 10 అంగుళాలు, రెండూ కలిపి 966 చదరపు అడుగులు దాటుతుంది. గాడి పెంకు (ఒకదానిలో ఒకటి కూర్చునేలా గాళ్లు తీసినది) చదరపు అడుగుకు సుమారు ఒకటిన్నర పడుతుంది, విరిగేవి కలుపుకుని 1,550 తెప్పించండి. కప్పు బరువు నాలుగు టన్నుల దగ్గర. వాసాలు వైపుకు 25, మొత్తం 50. రీపర్లు (పెంకులు తగిలించే సన్న పట్టీలు) 2 బై 1 అంగుళాలవి, వైపుకు 15 వరుసలు, మొత్తం 1,050 అడుగులు. చూరు పట్టెలు రెండు, నడిమి పట్టెలు రెండు, వెన్నుపట్టె, అన్నీ 4 బై 6, నిలువుగా. కలప మొత్తం 170 ఘనపుటడుగుల చుట్టూ తేలుతుంది, వృథాకు 15 శాతం కలిపితే 195. గట్టి చేవ కలపను మనసులో పెట్టుకుని చెప్పిన కొలతలు ఇవి. మెత్తని కలపైతే ఒక్కో సైజు పైకి వెళ్లాలి.

రీపర్ల ఎడం పుస్తకంలో చూసి కొట్టకండి. వచ్చిన పెంకులు పది తీసుకుని నేల మీద వరుసగా ఒకదానికొకటి తగిలించి, ఒకసారి దగ్గరికి నొక్కి, ఒకసారి దూరంగా లాగి, రెండు కొలతల సగటును పెంకులకు పంచండి. కాల్పును బట్టి పెంకు కొలత బట్టీకీ బట్టీకీ మారుతుంది. చూరు దగ్గర మొదటి రీపరు మిగతావాటి కన్నా ఒక పెంకు మందం ఎత్తుగా ఉండాలి. పై వరుసలకు కింద పెంకు ఆసరా ఉంటుంది, మొదటి వరుసకు ఉండదు. ఇది చేయకపోతే మొదటి వరుస తల వంచి, రెండో వరుస నోరు తెరుస్తుంది.

పెంకులు ఒక వాలంతా పరిచి రెండో వాలు మొదలుపెట్టవద్దు. రెండు టన్నులు ఒక పక్కనే పడితే కొత్త అతుకులన్నీ ఒకేసారి మెలితిరుగుతాయి. ఇటు నాలుగు వరుసలు, అటు నాలుగు వరుసలు. చూరు మూడు వరుసలు, రెండు అంచులు, నడికొప్పు పక్క వరుస తీగతో రీపరుకు కట్టేయండి, గాలి ముందు పట్టుకునేది వాటినే. నడికొప్పు సున్నపు గచ్చుతో పూర్తిగా మూసేయకుండా అంకణానికొక చోట గాలి పోయే పెంకు పెట్టండి. వేడిగాలి, ఆవిరి పోయేది అక్కడి నుంచే.

ఉలిదెబ్బ గారూ, వాసానికి పట్టె మీద కూర్చునే గాటు ఎంత లోతు అంటారు? నేను ఒక అంగుళం దాటనివ్వను.

ఉలిదెబ్బ

నాలుగంగుళాల వాసానికి అంగుళమే హద్దు. లోతు పెరిగితే చూరు బరువుకు అక్కడే చీలుతుంది. గాటు లోపలి మూల దాటి రంపం పోనివ్వకూడదు కూడా, చీలిక మొదలయ్యేది ఆ రంపపు గీత నుంచే.

నిలబెట్టడం గురించి ఒక మాట. ఒక్కో చట్టం (ఒక దూలం, దాని గుంజలు, ఊతాలు కలిపి) నేల మీద పడుకోబెట్టి బిగించాక 300 కిలోలు దాటుతుంది. చదును చేసిన నేల మీద సుద్ద దారంతో ఒక చట్టం అసలు కొలతలో గీసి, ఐదూ దాని మీదే కూర్చండి. పొట్టి నిట్రాడు, నడిమి పట్టెల కింది పొట్టి గుంజల ఎత్తులు ఆ బొమ్మ మీద నుంచే తీసుకోవాలి, కాగితం మీద నుంచి కాదు. లేపేటప్పుడు ముందుకు లాగే తాళ్లు ఎన్ని ఉంటే, ముందుకు బోర్లా పడకుండా వెనక నుంచి పట్టుకునే తాళ్లు అన్నే ఉండాలి. నిలబడగానే తూకం గుండు చూసి, రెండు వైపులా తాత్కాలిక వాటు కర్రలు కొట్టాకే తాడు వదలాలి. రెండో చట్టం లేచి పట్టెలు, ఊతాలు కలిసేదాకా మొదటిదాని కింద ఎవరూ ఉండకూడదు.

కొట్టంపని

చెదలకు కర్రంతటికీ వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమంటున్నారు. పూయనా?

గాటికంబం

వద్దు. అందులో లోహాలు కలిసి ఉంటాయి. పశువు గుంజను నాకుతుంది, కొరుకుతుంది, అది పాలలోకీ రావచ్చు. ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కర్ర కూడా గాడి దగ్గర వాడకూడదు. మీ దిమ్మెలు 18 అంగుళాలు ఉన్నాయి కదా, చెదలు కర్ర దాకా పోవాలంటే దిమ్మె మీద మట్టి గొట్టం కట్టుకుంటూ ఎక్కాలి, అది కంటికి కనబడుతుంది. చీపురు తిప్పేటప్పుడు రాల్చేయడమే. అందుకే దిమ్మెలకు ఆనించి గడ్డి, పేడ పోగు వేయకండి.

ఉలిదెబ్బ

కలప కొనేటప్పుడే పైతెలుపు (బెరడు కింది లేత కలప) ఎంత ఉందో చూసుకోండి, పుచ్చు పురుగు పట్టేది దానికే. గుంజలకు, దూలాలకు చేవ ఉన్నవే ఏరండి, తెలుపు ఉన్నవి పైన రీపర్లకు పోతాయి. కోసిన రోజే కొనలకు మైనమో పెయింటో పూస్తే తల చీలికలు తగ్గుతాయి. మొదటి ఎండాకాలం దాటాక దిమ్మె పట్టీల బోల్టులు ఒకసారి బిగించండి. సీలల కొనలు అప్పటిదాకా కోయకుండా రెండంగుళాలు బయటికే వదలండి, ఏదైనా వదులైతే ఇంకో దెబ్బ వేయడానికి ఉంటుంది.